ఎక్స్‌వీ6ను రిస్క్-ఫైవ్ నుంచి 64 బిట్ ఆర్మ్‌కు మార్చడం: మొదటి అక్షరం నుంచి షెల్ దాకా

ఆపరేటింగ్ సిస్టమ్‌ను వేరే ప్రాసెసర్‌కు మార్చే పని అనగానే అందరూ అసెంబ్లీకి భయపడతారు. నేనూ అట్లే భయపడ్డాను. తీరా దిగి చూస్తే, ఎక్స్‌వీ6 అనే ఈ చిన్న పాఠాల ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసెంబ్లీ మొత్తం కలిపి కొన్ని వందల లైన్లే. కొత్త ప్రాసెసర్ భాషలో వాటిని తిరగరాయడం వారం రోజుల పని. మిగతా టైమంతా తినేది వేరే ఉంది. పాత ప్రాసెసర్ మనకు చెప్పాపెట్టకుండా కొన్ని పనులు చేసిపెడుతుంటుంది. కోడ్‌లో వాటి ఊసు ఎక్కడా ఉండదు, కామెంట్ కూడా ఉండదు. కొత్త ప్రాసెసర్ మీద ఆ పనులు ఎవరూ చేయరు. అప్పుడు నల్లటి తెర ముందు కూర్చుంటాం. ఈ గైడ్‌లో ప్రతి మెట్టు దగ్గరా నేను ముందుగా వెతికేది దాన్నే.

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు "ఏదైనా సిస్టమ్స్ లెవెల్‌ది చెప్పన్నా" అని అడిగే పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. సీ భాష బాగా రావాలి. పాయింటర్ అంటే జంకు ఉండొద్దు. అసెంబ్లీ చదివితే అర్థమైతే చాలు, రాయడం దారిలో వస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. నేను నయీంనగర్ గదిలో అలాంటి దాని మీదే చేశాను, ఎండాకాలం కరెంటు పోతే బ్యాటరీ ఉన్నంతసేపు.

లైనక్స్ ఎందుకు కాదంటే, లైనక్స్ ఇప్పటికే ఆర్మ్ మీద నడుస్తోంది, 2012 డిసెంబరులో వచ్చిన 3.7 వెర్షన్ నుంచే 64 బిట్ ఆర్మ్ అందులో ఉంది. పైగా అది సముద్రం. ఎక్స్‌వీ6 చిన్న చెరువు, ఈతకు అదే మంచిది. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్ నమూనాతో, 2006లో ఎంఐటీలో క్లాసు కోసం తిరిగి రాసిన సిస్టమ్ ఇది. మొదట ఎక్స్86 మీద నడిచేది, 2019లో వాళ్లే రిస్క్-ఫైవ్‌కు మార్చారు. ఆ రెండు రిపోలూ బయటే ఉన్నాయి, లైసెన్సు కూడా ఎంఐటీదే. కాబట్టి పని మొదలుపెట్టక ముందు ఒక సాయంత్రం ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు చూడండి. ఒకసారి ఈ దారిన పోయినవాళ్లు ఏ ఫైళ్లు ముట్టుకున్నారో, ఏవి ముట్టుకోలేదో అక్కడే తెలిసిపోతుంది.

చిరునామాలన్నీ హెక్సాడెసిమల్‌లో రాస్తున్నాను.

మొదటి మెట్టు: పాతది నడిపి చూడండి

ఉబుంటులో మూడు ప్యాకేజీలు కావాలి: 64 బిట్ ఆర్మ్ కోసం జీసీసీ క్రాస్ కంపైలర్, క్యూఎమూలో (వేరే మెషీన్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ప్రోగ్రామ్) ఆర్మ్ సిస్టమ్ భాగం, మల్టీ ఆర్క్ జీడీబీ డీబగ్గర్. వీటితో పాటు రిస్క్-ఫైవ్ కంపైలర్, రిస్క్-ఫైవ్ క్యూఎమూ కూడా ఎక్కించుకోండి. ముందు అసలు ఎక్స్‌వీ6ను రిస్క్-ఫైవ్ మీద బిల్డ్ చేసి, షెల్‌లో యూజర్‌టెస్ట్స్ అనే ప్రోగ్రామ్ నడపండి. చివర్లో అన్ని టెస్టులూ పాసయ్యాయన్న లైన్ రావాలి. ఆ కాపీని ఇక ముట్టుకోవద్దు. రేపు మీ ఆర్మ్ వెర్షన్ తేడా కొట్టినప్పుడు, పక్క టెర్మినల్‌లో ఇదే పని సరిగ్గా ఎలా జరుగుతోందో చూడ్డానికి అది కావాలి.

క్యూఎమూకు మెషీన్ పేరు విర్ట్ అని ఇస్తారు. ఇక్కడే మొదటి గుంత. విర్ట్ మెషీన్‌కు సీపీయూ పేరు మనం చెప్పకపోతే అది కార్టెక్స్-ఏ15 తీసుకుంటుంది, అది 32 బిట్‌ది. కార్టెక్స్-ఏ72 అని మీరే చెప్పాలి. నేనైతే ఒక పూట దీనికే పోగొట్టుకున్నాను.

ఆర్మ్ ఆర్కిటెక్చర్ మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకోండి. పది వేల పేజీలు దాటింది, ఎన్ఐటీ గేటు ఎదురుగా జిరాక్స్ తీయిద్దామని మాత్రం అనుకోకండి. రిజిస్టర్ పేరు వెతికి ఆ రెండు పేజీలు చదవడానికే అది.

రెండో మెట్టు: కోడ్‌ను రెండు కుప్పలు చేయడం

మాది కొత్తవాడలో జంపఖానాలు నేసిన ఇల్లు. గుంట మగ్గం నుంచి ఫ్రేమ్ మగ్గానికి మారినప్పుడు మా నాయన డిజైన్ కాగితాన్ని మార్చలేదు. మారింది కాలు తొక్కే తీరు, పోగు బిగువు. ఎక్స్‌వీ6 ఫైళ్లను కూడా అట్లే విడదీయాలి.

ఫైల్ సిస్టమ్, లాగ్, బఫర్ క్యాష్, పైప్, స్లీప్‌లాక్, స్ట్రింగ్ ఫంక్షన్లు, షెల్, ఎల్ఎస్, క్యాట్ లాంటి యూజర్ ప్రోగ్రాములు మొదటి కుప్ప. వీటిని ముట్టుకోవాల్సిన పని లేదు. అసెంబ్లీ ఫైళ్లన్నీ, రిస్క్‌వీ.హెచ్, మెమ్‌లేఅవుట్.హెచ్, లింకర్ స్క్రిప్ట్, స్టార్ట్.సీ, ట్రాప్.సీ, వీఎం.సీ, ప్లిక్.సీ, యూఏఆర్‌టీ.సీ రెండో కుప్ప. వీటిలో స్టార్ట్.సీ దాదాపు ఎగిరిపోతుంది, ప్లిక్.సీ మొత్తం కొత్తగా రాయాలి.

అసలు ప్రమాదం ఈ రెండిటి మధ్య ఉన్న ఫైళ్లతో. సిస్‌కాల్.సీ, ఎగ్జెక్.సీ, ప్రాక్.సీ చూడ్డానికి మామూలు సీ ఫైళ్లే. కానీ లోపల ట్రాప్‌ఫ్రేమ్‌లోని (యూజర్ ప్రోగ్రామ్ రిజిస్టర్లను కెర్నల్ దాచే చోటు) ఏ0, ఏ1, ఏ7 అని రిస్క్-ఫైవ్ రిజిస్టర్ల పేర్లు ఉంటాయి. ప్రాక్.సీ ఇంకా గడుసుది. ఎక్స్‌వీ6 చాలా వెర్షన్లలో అందులో ఇనిట్‌కోడ్ అనే బైట్ల వరస ఉంటుంది. పైకి అంకెల వరసే, నిజానికది రిస్క్-ఫైవ్ మెషీన్ కోడ్. మొట్టమొదటి ప్రాసెస్‌లో నడిచేది అదే. కంపైలర్‌కు అవి వట్టి బైట్లు, కాబట్టి నోరెత్తదు. ఆర్మ్ దాన్ని నడపబోతే తెలియని ఇన్‌స్ట్రక్షన్ అని ఎక్సెప్షన్ కొడుతుంది. ఆ చిన్న అసెంబ్లీ ముక్కను ఆర్మ్‌లో రాసి, బైట్లు తీసి, ఆ వరస స్థానంలో పెట్టండి. అందుకే ఫైలు పేరు చూసి కుప్పలు చేయకండి, గ్రెప్‌తో ఇన్‌లైన్ అసెంబ్లీ, రిజిస్టర్ పేర్లు, ఆర్ లేదా డబ్ల్యూ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫంక్షన్లు వెతికి చేయండి.

మన అదృష్టం కొద్దీ రిస్క్-ఫైవ్, ఆర్మ్ రెండూ 64 బిట్, రెండిట్లో పాయింటర్ 8 బైట్లు, రెండూ లిటిల్ ఎండియన్, రెండిట్లోనూ సైన్ చెప్పని క్యారెక్టర్ అన్‌సైన్డ్. 1970ల చివర్లో యూనిక్స్‌ను పీడీపీ-11 నుంచి వేరే మెషీన్లకు మార్చినవాళ్లకు ఆ సుఖం లేదు. బైట్ల వరస తిరగబడి, యూనిక్స్ అని రావాల్సిన చోట న్యూక్సీ అని పడిందనే కథ అప్పటిదే. మీరు ఎక్స్86 వెర్షన్ నుంచి మొదలుపెడితే మాత్రం క్యారెక్టర్ సైన్ సంగతి గుర్తుంచుకోండి, అక్కడది సైన్డ్.

మూడో మెట్టు: ఒక్క అక్షరం

ముందు ఒకే కోర్, ఎంఎంయూ (పేజ్ టేబుళ్ల ద్వారా చిరునామాలను మార్చే భాగం) ఆఫ్, ఇంటరప్ట్‌లు ఆఫ్. లక్ష్యం తెర మీద ఒక అక్షరం, అంతే.

విర్ట్ మెషీన్‌లో ఆర్మ్ ర్యామ్ 40000000 దగ్గర మొదలవుతుంది, రిస్క్-ఫైవ్‌లో అది 80000000. ర్యామ్ మొదట్లో క్యూఎమూ డివైస్ ట్రీ (హార్డ్‌వేర్ వివరాల పట్టిక) పెడుతుంది కాబట్టి కెర్నల్‌ను కాస్త పైన, 40080000 దగ్గర దించండి. సీరియల్ పోర్టు (యూఏఆర్‌టీ) కూడా మారింది. రిస్క్-ఫైవ్‌లో 16550 రకం, ఇక్కడ పీఎల్011 రకం. దాని చిరునామా 09000000. మొదటి రిజిస్టర్‌లో బైట్ రాస్తే అక్షరం బయటికి పోతుంది. ఆఫ్‌సెట్ 18 దగ్గరున్న ఫ్లాగ్ రిజిస్టర్‌లో 5వ బిట్ వెలిగి ఉంటే పంపే క్యూ నిండిందని అర్థం, 4వ బిట్ వెలిగితే వచ్చే క్యూ ఖాళీ అని. క్యూఎమూలో బాడ్ రేటు పెట్టకపోయినా నడుస్తుంది, నిజం బోర్డు మీద నడవదు.

రిస్క్-ఫైవ్‌లో మెషీన్ మోడ్‌లో మొదలై స్టార్ట్.సీ సూపర్‌వైజర్ మోడ్‌కు దిగుతుంది. ఆర్మ్‌లో లెవెల్స్ ఈఎల్0 నుంచి ఈఎల్3 వరకు. యూజర్ ప్రోగ్రాములు ఈఎల్0లో, కెర్నల్ ఈఎల్1లో. క్యూఎమూ మామూలుగా నేరుగా ఈఎల్1లోనే వదులుతుంది, కాబట్టి స్టార్ట్.సీకి పనిలేదు. అయినా కరెంట్ఈఎల్ రిజిస్టర్ చదివి, ఈఎల్2లో ఉంటే ఈఎల్1కు దిగే పది లైన్లు ఇప్పుడే రాసిపెట్టండి. రాస్‌ప్‌బెర్రీ పై 4 మిమ్మల్ని ఈఎల్2లోనే వదులుతుంది.

ఎంట్రీ అసెంబ్లీలో చేయాల్సింది మూడే: స్టాక్ పాయింటర్ పెట్టడం, బీఎస్ఎస్ భాగాన్ని (విలువ ఇవ్వని గ్లోబల్ వేరియబుళ్లు ఉండే చోటు) సున్నా చేయడం, సీ ఫంక్షన్‌లోకి దూకడం. ఆర్మ్‌లో స్టాక్ పాయింటర్ ఎప్పుడూ 16 బైట్ల గుణిజంగా ఉండాలి, లేకపోతే దానికంటూ ఒక ఎక్సెప్షన్ ఉంది.

నాలుగో మెట్టు: కంపైలర్‌ను కట్టేయడం

అక్షరం వచ్చింది. ఇక ధైర్యంగా ప్రింట్‌ఎఫ్ పిలిచారనుకోండి.

"అన్నా, యూఏఆర్‌టీ పుట్‌సీ పిలిస్తే ఏ అని వస్తుంది. ప్రింట్‌ఎఫ్‌లో అదే ఏ ఇస్తే పిలవంగనే చచ్చిపోతంది" అన్నాడు నా దగ్గరికొచ్చిన తమ్ముడు. లాక్‌లు తీసేశాడు, స్టాక్ పెంచాడు, ప్రింట్‌ఎఫ్ లోపలంతా ఖాళీ చేశాడు. అయినా అంతే.

"తమ్మీ, ఆ ఫంక్షన్ డిస్అసెంబ్లీ చూసినవా?" అని అడిగాను.

చూస్తే మొదటి లైన్లలోనే క్యూ0 నుంచి క్యూ7 దాకా రిజిస్టర్లను స్టాక్ మీద దాస్తోంది. అవి ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లు. ఆర్మ్ పద్ధతి ప్రకారం, ఎన్ని ఆర్గ్యుమెంట్లు వస్తాయో తెలియని ఫంక్షన్ వాటిని కూడా దాచుకోవాలి. ఫ్లోటింగ్ పాయింట్ వాడుకోవడానికి ఈఎల్1లో ఇంకా అనుమతి ఇవ్వలేదు. ప్రాసెసర్ ఎక్సెప్షన్ కొట్టింది. ఎక్సెప్షన్ వెక్టర్లు పెట్టలేదు కాబట్టి ఎక్కడికో దూకింది, అక్కడ మళ్లీ ఎక్సెప్షన్, మళ్లీ దూకుడు. బయటికి కనిపించేది నల్లటి తెర.

మందు ఒక్కటే, కంపైలర్‌కు జనరల్ రెగ్స్ ఓన్లీ అనే ఫ్లాగ్ ఇవ్వడం. కెర్నల్‌లో ఫ్లోటింగ్ పాయింట్ ముట్టుకోవద్దని దానికి అర్థం. ఇంకో రెండు ఫ్లాగులు కూడా ఇప్పుడే పెట్టేయండి. ఒకటి స్ట్రిక్ట్ అలైన్. ఎంఎంయూ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆర్మ్ మెమరీ అంతటినీ డివైస్ మెమరీగా చూస్తుంది, అక్కడ అలైన్ కాని చిరునామాకు పోతే ఫాల్ట్. రెండోది నో అవుట్‌లైన్ అటామిక్స్. జీసీసీ 10 నుంచి స్పిన్‌లాక్‌లోని అటామిక్ పనిని కంపైలర్ నేరుగా ఇన్‌స్ట్రక్షన్‌గా రాయకుండా ఒక లైబ్రరీ ఫంక్షన్‌కు పంపుతోంది. మన కెర్నల్‌కు ఆ లైబ్రరీ లేదు, ఫలానా పేరు దొరకలేదని లింకర్ ఎర్రర్ ఇస్తుంది. ఇది మంచి ఎర్రర్, కనీసం కనబడుతుంది.

ఈ దశలోనే క్యూఎమూకు డీ ఆప్షన్‌తో ఇంట్ అని ఇవ్వడం అలవాటు చేసుకోండి. ప్రతి ఎక్సెప్షన్‌కూ కారణం, ఫాల్ట్ అయిన చిరునామా, ఎక్కడి నుంచి వచ్చిందో అన్నీ రాసిపెడుతుంది. వందల లైన్లు వస్తాయి, మీరు చూడాల్సింది మొట్టమొదటిది ఒక్కటే. ఈఎస్ఆర్ రిజిస్టర్‌లో 26వ బిట్ నుంచి ఉన్న 6 బిట్లు కారణం చెబుతాయి (ఈ కోడ్‌లూ హెక్సాడెసిమల్‌లోనే): 07 అయితే ఫ్లోటింగ్ పాయింట్ గొడవ, 15 అయితే సిస్టమ్ కాల్, 24 అయితే యూజర్ నుంచి డేటా ఫాల్ట్, 25 అయితే కెర్నల్ లోపలే డేటా ఫాల్ట్, 00 అయితే తెలియని ఇన్‌స్ట్రక్షన్. వీటిని కాగితం మీద రాసి గోడకు అంటించండి.

ఐదో మెట్టు: పేజ్ టేబుళ్లు

ఈ గైడ్‌లో బరువైన భాగం ఇదే. తొందరపడకండి.

శుభవార్త ముందు. రిస్క్-ఫైవ్ వాడే ఎస్‌వీ39 పేజింగ్ పద్ధతిలో చిరునామా 39 బిట్లు, మూడు అంచెల టేబుళ్లు, ఒక్కో టేబుల్‌లో 512 ఎంట్రీలు, పేజీ 4096 బైట్లు. ఆర్మ్‌లో టీసీఆర్ రిజిస్టర్‌లో టీ0ఎస్‌జెడ్, టీ1ఎస్‌జెడ్ రెండిటికీ 25 పెట్టి 4 కేబీ పేజీలు ఎంచుకుంటే అచ్చం ఇదే లెక్క. 64లోంచి 25 తీసేస్తే 39. టేబుళ్లలో ఎంట్రీని వెతికే వాక్ ఫంక్షన్ రూపం అలాగే ఉంటుంది.

మారేది ఎంట్రీలోని బిట్ల అర్థం. రిస్క్-ఫైవ్‌లో చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అని అనుమతులు ఇస్తాం. ఆర్మ్‌లో కొంత తిరగేసి ఆలోచించాలి. 7వ బిట్ వెలిగితే రాయడానికి లేదు, 54వ బిట్ వెలిగితే యూజర్ నడపడానికి లేదు, 53వ బిట్ వెలిగితే కెర్నల్ నడపడానికి లేదు. 6వ బిట్ ఒక్కటే తిన్నగా ఉంది, వెలిగితే యూజర్‌కు ప్రవేశం ఉంది. పాత మ్యాక్రోల పేర్లు ఉంచి విలువలు మార్చేస్తే సరిపోతుందని మొదట అనుకున్నాను. కుదరదు. రాసే అనుమతి అంటే ఇక్కడ ఒక బిట్ లేకపోవడం. అనుమతులు తీసుకుని ఆర్మ్ బిట్లు ఇచ్చే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకోండి, అన్ని చోట్లా దాన్నే పిలవండి.

10వ బిట్ యాక్సెస్ ఫ్లాగ్. రిస్క్-ఫైవ్‌లో కూడా ఇలాంటి బిట్ ఉంది కానీ ఎక్స్‌వీ6 దాన్ని వేయదు, క్యూఎమూ తానే వేసుకునేది. కార్టెక్స్-ఏ72లో ఆ సాయం లేదు, మీరు వేయకపోతే ఫాల్ట్. ఈఎస్ఆర్ చివరి 6 బిట్లు 09 నుంచి 0బీ మధ్య ఉంటే అది యాక్సెస్ ఫ్లాగ్ ఫాల్ట్, చివరి 2 బిట్లు ఏ అంచెలో జరిగిందో చెబుతాయి. 05 నుంచి 07 అయితే అసలు మ్యాపింగే లేదు, 0డీ నుంచి 0ఎఫ్ అయితే అనుమతి లేదు.

ఇంకో కొత్త విషయం మెమరీ రకం. 2 నుంచి 4వ బిట్ వరకు ఒక నంబరు పెడతాం, ఆ నంబరుకు అర్థం ఎంఏఐఆర్ రిజిస్టర్‌లో రాస్తాం. నేను 0 అంటే డివైస్ (విలువ 00), 1 అంటే క్యాష్ అయ్యే మామూలు మెమరీ (విలువ ఎఫ్ఎఫ్) అని పెట్టుకున్నాను. ర్యామ్‌కు 8, 9 బిట్లు రెండూ వెలిగించి ఇన్నర్ షేరబుల్ చేయండి, లేకపోతే రేపు బోర్డు మీద రెండో కోర్ వచ్చాక లాక్‌లు కుదురుగా ఉండవు.

ఇప్పుడు డిజైన్ నిర్ణయం. రిస్క్-ఫైవ్ ఎక్స్‌వీ6లో కెర్నల్‌కు, యూజర్‌కు వేరువేరు పేజ్ టేబుళ్లు. మధ్యలో మారడానికి ట్రాంపొలిన్ అనే పేజీ రెండిట్లోనూ ఉంటుంది. ఆర్మ్‌లో పేజ్ టేబుల్ రిజిస్టర్లే రెండు. టీటీబీఆర్0 కింది చిరునామాలకు, టీటీబీఆర్1 పై చిరునామాలకు. కెర్నల్‌ను టీటీబీఆర్1లో పెట్టేసి, ప్రాసెస్ మారినప్పుడు టీటీబీఆర్0 ఒక్కటి మారిస్తే చాలు. ట్రాంపొలిన్ తీసి పారేయండి. ఉన్నదాన్ని ఉన్నట్టు మార్చాలని కొందరు దాన్ని మోసుకొస్తారు. పని చేస్తుంది గానీ, ఆర్మ్ మనకిచ్చిన సౌకర్యాన్ని కాలదన్నుకోవడమే.

39 బిట్లకు పై భాగం ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్80 00000000 దగ్గర మొదలవుతుంది. కెర్నల్‌ను అక్కడికి లింక్ చేసి, దించే చిరునామా మాత్రం కింద ర్యామ్‌లో ఉండేలా లింకర్ స్క్రిప్ట్‌లో చెప్పాలి. బూట్ సమయానికి ఒక్క టేబుల్, రెండు ఎంట్రీలు చాలు. మొదటి అంచెలో ఒక్కో ఎంట్రీ 1 జీబీ. 0వ ఎంట్రీ డివైస్‌లు, 1వ ఎంట్రీ ర్యామ్. అదే టేబుల్‌ను టీటీబీఆర్0, టీటీబీఆర్1 రెండిట్లోనూ పెట్టండి, 39 బిట్ల కింది భాగం ఒకటే కాబట్టి రెండు వైపులా సరిపోతుంది. ఎంఎంయూ ఆన్ చేసిన మరుక్షణం ఇంకా కింది చిరునామాలోనే నడుస్తుంటాం, అప్పుడు టీటీబీఆర్0 కాపాడుతుంది. తర్వాత పై చిరునామాకు దూకాలి. దూకేముందు అసెంబ్లీలో చిరునామా ఎలా తీసుకుంటున్నారో చూసుకోండి. ఏడీఆర్‌పీతో తీసుకుంటే ఇప్పుడున్న చోటు నుంచి లెక్కగట్టి కింది చిరునామా వస్తుంది. ఎల్‌డీఆర్ ఈక్వల్‌తో తీసుకుంటే లింకర్ రాసిన పై చిరునామా వస్తుంది. ఎంఎంయూకు ముందు మొదటిది, దూకడానికి రెండోది.

ఇక ఇందాక చెప్పిన, నోరు తెరవని ఒప్పందం. రిస్క్-ఫైవ్ ఎక్స్‌వీ6 కెర్నల్‌లో వర్చువల్ చిరునామా, ఫిజికల్ చిరునామా దాదాపు అంతటా ఒకటే. కాబట్టి కోడ్ రాసినవాళ్లు ఎక్కడ ఏది వాడుతున్నారో పట్టించుకోవాల్సిన పని పడలేదు. పేజ్ టేబుల్‌లోంచి తీసిన ఫిజికల్ చిరునామాను నేరుగా పాయింటర్‌గా వాడతారు. కెర్నల్ వేరియబుల్ చిరునామాను నేరుగా డిస్క్‌కు ఇస్తారు. కెర్నల్ పైకి పోయిన క్షణం నుంచి అవన్నీ తప్పులే. రెండు మ్యాక్రోలు రాయండి, ఒకటి వర్చువల్ నుంచి ఫిజికల్‌కు, ఇంకొకటి తిరిగి వెనక్కి. వీఎం.సీ మొత్తం లైన్ లైన్ చదువుతూ వీటిని పెట్టండి. నాకు రెండు రోజులు పట్టింది. అందులో తగ్గించుకునే దారి నాకు కనబడలేదు.

టేబుల్ మార్చాక టీఎల్‌బీ (చిరునామా మార్పిడులను గుర్తుపెట్టుకునే క్యాష్) తుడవాలి. రిస్క్-ఫైవ్‌లో ఎస్‌ఫెన్స్ ఒక్క ఇన్‌స్ట్రక్షన్. ఇక్కడ నాలుగు: డీఎస్‌బీ, టీఎల్‌బీఐ, మళ్లీ డీఎస్‌బీ, చివర ఐఎస్‌బీ. డీఎస్‌బీ, ఐఎస్‌బీల్లో ఒక్కటి మరిచినా క్యూఎమూ క్షమిస్తుంది, బోర్డు క్షమించదు.

ఆరో మెట్టు: ట్రాప్‌లు

ఆర్మ్ వెక్టర్ టేబుల్‌లో 16 గళ్లు, ఒక్కో గడి 128 బైట్లు, టేబుల్ 2048 బైట్లకు అలైన్ కావాలి. మనకు పనికొచ్చే గళ్లు నాలుగే: కెర్నల్‌లో ఉండగా వచ్చే సింక్రనస్ (నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ వల్లే వచ్చేది), ఐఆర్‌క్యూ (పరికరాల ఇంటరప్ట్), యూజర్ నుంచి వచ్చే సింక్రనస్, ఐఆర్‌క్యూ. మిగతా పన్నెండిట్లో ప్యానిక్ పెట్టండి. యూజర్ నుంచి రాగానే ఆర్మ్ తానే కెర్నల్ స్టాక్ పాయింటర్‌కు మారిపోతుంది, కాబట్టి రిస్క్-ఫైవ్‌లో ఎస్‌స్క్రాచ్ రిజిస్టర్‌తో చేసే గారడీ అవసరం లేదు. 31 రిజిస్టర్లు, యూజర్ స్టాక్ పాయింటర్, ఈఎల్ఆర్ (తిరిగి వెళ్లాల్సిన చిరునామా), ఎస్‌పీఎస్ఆర్ (దాచిన ప్రాసెసర్ స్థితి) కలిపి 34, అంటే 272 బైట్లు. 16తో నిశ్శేషంగా పోతుంది, బాగుంది.

సిస్టమ్ కాల్ నంబరు ఎక్స్8లో, ఆర్గ్యుమెంట్లు ఎక్స్0 నుంచి పెట్టుకోండి, లైనక్స్ కూడా అంతే. యూజర్ వైపు స్టబ్‌లు (సిస్టమ్ కాల్‌ను పిలిచే చిన్న ఫంక్షన్లు) తయారుచేసే పెర్ల్ స్క్రిప్ట్‌లో రిస్క్-ఫైవ్ సిస్టమ్ కాల్ ఇన్‌స్ట్రక్షన్ ఈకాల్ తీసి ఆర్మ్‌ది ఎస్‌వీసీ పెట్టండి.

ఇప్పుడు నన్ను మూడు రాత్రులు కూర్చోబెట్టిన బగ్. ఇనిట్ ప్రాసెస్ మొదలైంది, ఆ తర్వాత ఏమీ లేదు. సిస్‌కాల్ ఫంక్షన్‌లో నంబరు ప్రింట్ చేయించాను. ఇనిట్ మొదట పిలవాల్సింది ఓపెన్, అంటే 15. తెర మీద 15 పడింది. వెంటనే 17, 18, 8, 19, 20, 9, 10, 11, 12, 13. అక్కడ ఆగింది. ఇనిట్ కోడ్‌లో ఇన్ని కాల్స్ లేవు. ఎవరు పిలుస్తున్నారు?

ఆ నంబర్ల వరసను స్టబ్‌ల ఫైలు పక్కన పెట్టి చూశాక వెలిగింది. స్టబ్‌ల ఫైల్లో ఓపెన్ తర్వాత ఎంకేనాడ్, అన్‌లింక్, ఎఫ్‌స్టాట్, లింక్, ఎంకేడీఐఆర్ అదే వరసలో ఉన్నాయి. ఒక్కో స్టబ్ మూడే ఇన్‌స్ట్రక్షన్లు: నంబరు పెట్టు, ఎస్‌వీసీ, రెట్. ఓపెన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు రెట్ నడవకుండా దాటిపోయి పక్క స్టబ్‌లోకి జారుతోంది, అక్కడి నుంచి ఇంకో పక్కకు. చివరికి స్లీప్ దగ్గర, ఎస్‌బ్రేక్ ఇచ్చిన పెద్ద అంకెను నిద్ర టైముగా తీసుకుని హాయిగా పడుకుంది.

కారణం ట్రాప్.సీలో ఒక్క లైన్. రిస్క్-ఫైవ్‌లో ఈకాల్ కొట్టినప్పుడు దాచిన ప్రోగ్రామ్ కౌంటర్ ఆ ఈకాల్‌నే చూపిస్తుంది, కాబట్టి దానికి 4 కలిపి ముందుకు జరపాలి. ఆర్మ్‌లో ఎస్‌వీసీ కొట్టినప్పుడు ఈఎల్ఆర్ అప్పటికే తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ మీద ఉంటుంది. పాత లైన్ అలాగే ఉండిపోయి ఇంకో 4 కలిపింది. ఆ లైన్ తీసేశాను, షెల్ వైపు దారి పడింది. ఇనిట్‌కోడ్‌లోని ఎగ్జెక్ మాత్రం ముందే ఎందుకు పనిచేసిందంటే, ఎగ్జెక్ ప్రోగ్రామ్ కౌంటర్‌ను మొత్తం కొత్తగా రాసేస్తుంది కాబట్టి ఆ తప్పు కప్పుకుపోయింది.

ఇంటరప్ట్ ఆన్, ఆఫ్ ఫంక్షన్లలో కూడా తిరకాసు ఉంది. రిస్క్-ఫైవ్‌లో బిట్ వెలిగితే ఇంటరప్ట్‌లు ఆన్. ఆర్మ్ డైఫ్ రిజిస్టర్‌లో బిట్ వెలిగితే ఆఫ్. ఇంటరప్ట్ స్థితి చెప్పే ఫంక్షన్‌లో నాట్ గుర్తు మరిచిపోతే, లాక్‌లు సరిగ్గా వ్యతిరేకంగా ప్రవర్తిస్తాయి.

ఏడో మెట్టు: టైమర్, కాంటెక్స్ట్ స్విచ్, డిస్క్

ఇవి త్వరగా అవుతాయి. ఇంటరప్ట్ కంట్రోలర్ జీఐసీ వెర్షన్ 2. పంచే భాగం 08000000 దగ్గర, సీపీయూ భాగం 08010000 దగ్గర. ఆఫ్‌సెట్ 0సీ చదివితే ఇంటరప్ట్ నంబరు వస్తుంది, పని అయ్యాక 10లో అదే నంబరు రాయాలి. టైమర్ నంబరు 30, సీరియల్ 33 (ఈ రెండూ, కింద చెప్పే డిస్క్ నంబర్లూ మామూలు దశాంశంలో). టైమర్ ఫ్రీక్వెన్సీని సీఎన్‌టీఎఫ్ఆర్‌క్యూ రిజిస్టర్‌లోంచి చదవండి, అంకె గుర్తుపెట్టుకుని కోడ్‌లో రాయకండి. క్యూఎమూ వెర్షన్‌ను బట్టి కూడా అది మారుతుంది.

కాంటెక్స్ట్ స్విచ్‌లో దాచాల్సినవి ఎక్స్19 నుంచి ఎక్స్30, ఇంకా స్టాక్ పాయింటర్, మొత్తం 13. కొత్త ప్రాసెస్‌కు ఆర్ఏ (రిస్క్-ఫైవ్‌లో తిరిగి వెళ్లే చిరునామా రిజిస్టర్) స్థానంలో ఎక్స్30లో ఫోర్క్‌రెట్ ఫంక్షన్ చిరునామా పెట్టండి.

డిస్క్ డ్రైవర్ విర్ట్ఐఓ (క్యూఎమూ ఇచ్చే వర్చువల్ పరికరాల పద్ధతి), రెండు చోట్లా ఒకటే. చిరునామా 0ఏ000000, ఇంటరప్ట్ 48. మేక్‌ఫైల్‌లో డిస్క్‌ను 0వ బస్సుకు తగిలించే ముక్క ఉంటుంది, అది తీసేయకండి. తీసేస్తే క్యూఎమూ చివరి స్లాట్ నుంచి నింపుకొస్తుంది, మీ డిస్క్ 0ఏ003ఈ00 దగ్గర, ఇంటరప్ట్ 79 మీద తేలుతుంది. డ్రైవర్ పరికరానికి ఇచ్చే ప్రతి చిరునామా ఫిజికల్ అయి ఉండాలి, ఐదో మెట్టులో రాసిన మ్యాక్రో ఇక్కడ మూడు నాలుగు చోట్ల పడుతుంది.

ఇక్కడికి షెల్ డాలర్ గుర్తు రావాలి. రాకపోతే ఆరో మెట్టుకు తిరిగి వెళ్లండి, పదిలో తొమ్మిది సార్లు తప్పు అక్కడే ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: మిగతా కోర్లు

రిస్క్-ఫైవ్ విర్ట్‌లో కోర్లన్నీ ఒకేసారి లేచి ఎంట్రీ దగ్గరికి వస్తాయి. ఆర్మ్ విర్ట్‌లో మొదటిది తప్ప మిగతావి పడుకునే ఉంటాయి. పీఎస్‌సీఐ అనే పద్ధతిలో ఎక్స్0లో సీ4000003 పెట్టి, కోర్ నంబరు, ఎంట్రీ చిరునామా ఇచ్చి హెచ్‌వీసీ ఇన్‌స్ట్రక్షన్ కొట్టి లేపాలి. ఆ చిరునామా ఫిజికల్‌ది, ఎందుకంటే లేచిన కోర్‌కు ఎంఎంయూ ఆఫ్. ప్రతి కోర్ తన ఎంఎంయూ, వెక్టర్లు, టైమర్ తానే పెట్టుకోవాలి. రిస్క్-ఫైవ్‌లో టీపీ రిజిస్టర్ చేసే పనికి ఎంపీఐడీఆర్ కింది బిట్లు చదవండి.

యూజర్‌టెస్ట్స్ ముందు ఒక కోర్‌తో, తర్వాత మూడు కోర్లతో నడపండి. ఒక కోర్‌తో పాసై మూడింటితో ఫెయిలైతే టీఎల్‌బీ తుడిచే చోట ఒక కోర్‌కే తుడుస్తున్నారేమో చూడండి. అన్ని కోర్లకూ వర్తించే ఐఎస్ రకం టీఎల్‌బీఐ వాడాలి.

తొమ్మిదో మెట్టు: నిజం బోర్డు

రాస్‌ప్‌బెర్రీ పై 4లో కూడా కార్టెక్స్-ఏ72నే. ర్యామ్ 0 దగ్గర మొదలవుతుంది, పీఎల్011 ఎఫ్ఈ201000 దగ్గర. అంటే బూట్ టేబుల్‌లో 0వ ఎంట్రీ ర్యామ్, 3వది డివైస్. కెర్నల్‌ను ఈఎల్ఎఫ్‌గా కాకుండా ఆబ్జ్‌కాపీతో ముడి బైనరీగా మార్చి, కెర్నల్8.ఐఎంజీ పేరుతో ఎస్‌డీ కార్డులో పెట్టాలి, అది 80000 చిరునామాలో దిగుతుంది. పీఎల్011ను మామూలుగా బ్లూటూత్ వాడుకుంటుంది, కాన్ఫిగ్ ఫైల్లో బ్లూటూత్ ఆపేసే ఓవర్‌లే పెడితే అది జీపీఐఓ 14, 15 పిన్‌ల మీదికి వస్తుంది. సీరియల్ కేబుల్ 3.3 వోల్టులది కొనండి. నేను ఒక షాపులో అడిగితే 5 వోల్టులది చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి మల్టీమీటర్ పెట్టి చూశాను కాబట్టి బోర్డు బతికింది.

విర్ట్ఐఓ డిస్క్ ఇక్కడ లేదు. ఫైల్ సిస్టమ్ ఇమేజ్‌ను కెర్నల్ బైనరీలోనే కలిపేసి, మెమరీలోంచి చదివే చిన్న ర్యామ్‌డిస్క్ డ్రైవర్ రాస్తే సరి, ఇరవై లైన్లు. పై 4లో మిగతా కోర్లను లేపే పద్ధతి కూడా వేరు, మొదట ఒక్క కోర్‌తో సరిపెట్టుకోండి.

బోర్డు మీద నాకు షెల్ వచ్చింది, ఎకో నడిచింది, కానీ ఎల్ఎస్ ఒక్కోసారి నడుస్తుంది, ఒక్కోసారి తెలియని ఇన్‌స్ట్రక్షన్ అని చస్తుంది. క్యూఎమూలో వందసార్లు నడిపినా ఒక్కసారీ తప్పలేదు. క్యూఎమూ క్యాష్‌లను అనుకరించదు, అదీ సంగతి. ఎగ్జెక్ కొత్త ప్రోగ్రామ్‌ను మెమరీలోకి రాసినప్పుడు అది డేటా క్యాష్‌లో ఉంటుంది. ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లో అదే పేజీలో ఇంతకు ముందు నడిచిన ప్రోగ్రామ్ ముక్కలు మిగిలి ఉంటాయి. ఆర్మ్ ఆ రెండిటినీ తానుగా సరిచేయదు. లోడ్‌సెగ్ ఫంక్షన్ చివర ఆ పేజీ అంతటా డీసీ సీవీఏయూ, డీఎస్‌బీ, ఐసీ ఐవీఏయూ, డీఎస్‌బీ, ఐఎస్‌బీ కొట్టాను. ఫోర్క్‌లో పేజీలు కాపీ చేసే చోట కూడా అదే పెట్టాను. ఆ తర్వాత ఆ రాత్రి ఎల్ఎస్‌ను లూప్‌లో వదిలేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఇంకా ఫైళ్ల పేర్లు పడుతూనే ఉన్నాయి.